యముడు పాస్ చేసిన ఫైలు

నాకు పెళ్లయిందన్న సంగతి మా వార్డు ఆఫీసులో తెలిసింది. ఉదయం పదిన్నరకు లోపలికి వెళ్లినప్పుడు నేను యాభై రెండేళ్ల కన్యను. మధ్యాహ్నం బయటికి వచ్చేసరికి ఎనభై రెండు ఆవులున్న ఒక పెద్దమనిషికి భార్యను. ఆయన్ని ఫోనులో ఒక్కసారి చూశాను. అదీ సగమే, మిగతా సగానికి ఆవు అడ్డం వచ్చింది.

నా పేరు జస్మతీ థాపా మగర్. పెళ్లి కాకపోవడం నాకు లోటు కాదు, గొప్ప. పదకొండు సంబంధాలు తిప్పికొట్టాను. పన్నెండోది తేవడానికి భయపడి మా అన్నలు "దీనికి మొగుడు ఇంకా పుట్టలేదు" అని చేతులెత్తేశారు. పుట్టనైతే పుట్టాడు, కాకపోతే నెదర్లాండ్స్‌లో పుట్టాడు.

ఖాట్మండు లోయ అంచున, కొండవాలులో రెండంతస్తుల ఇల్లు మాది. సర్కస్ డేరాల నుంచి, ఇటుక బట్టీల నుంచి విడిపించి తెచ్చిన ఆడపిల్లలు పద్నాలుగు మంది అందులో ఉంటారు. నడిపే సంస్థ వాళ్లు పట్నంలో ఉంటారు, నెలకోసారి వచ్చి పిల్లల తలలు నిమిరి వెళ్తారు. వంట, కాపలా, తిట్లు, ఈ మూడు శాఖలూ నావి. ఒక్క నియమం మాత్రం నేనే పెట్టాను. ఎవరూ నన్ను ఆమా అని పిలవకూడదు. అక్కని పిలిచినట్టు దిదీ అనాలి, అంతే. "నన్ను అమ్మను చేసేసుకుంటే, రేపు మీ అమ్మ వెతుక్కుంటూ వస్తే ఆవిణ్ణి ఏమని పిలుస్తారే?" అని అడిగేదాన్ని. పన్నెండేళ్లలో అలా వెతుక్కుంటూ వచ్చిన తల్లులు ముగ్గురే. అయినా నియమం నియమమే.

మా ఇంటికి విదేశాల నుంచి వాలంటీర్లు వస్తుంటారు. మంచివాళ్లే, పాపం. ఒకరు గోడ మీద జిరాఫీ బొమ్మ వేసి వెళ్తారు. తర్వాత వచ్చినవాళ్లు దాని మీద ఇంద్రధనుస్సు వేస్తారు. ఆ తర్వాతివాళ్లు ప్రపంచ పటం. రంగు పొరలు పొరలుగా పేరుకుపోయి ఇప్పుడా గోడకున్న కిటికీ తలుపు పట్టడం లేదు. ఒకాయనైతే బంతులు ఎగరేయడం నేర్పుతానని వచ్చాడు. మా పిల్లల్లో తొమ్మిది మంది సర్కస్ నుంచి వచ్చినవాళ్లు. తీగ మీద నడుస్తూ ఆరు బంతులు ఆడించిన చేతులవి. అతిథి చిన్నబుచ్చుకుంటాడని ఆరు వారాలు బంతులు కింద పడేస్తూ కూర్చున్నారు. చేతనైన పని చేతకానట్టు చేయడం చాలా కష్టమట, అందుకని తెల్లారగట్లే లేచి పడేయడం సాధన చేసేవాళ్లు. వెళ్లేరోజు ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "కనీసం రెండు బంతులైనా వచ్చేశాయి వీళ్లకి" అని మురిసిపోయాడు.

ఆ పద్నాలుగు మందిలో సుంతలీ పెద్దది. పదహారేళ్లో, పదిహేడో. ఆ లెక్క ఎవరికీ తెలియకపోవడం దగ్గరే మా తిప్పలన్నీ మొదలయ్యాయి. ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఎవరో సరిహద్దు దాటించి సర్కస్‌కి అమ్మేశారు. దానికి గుర్తున్నవి మూడు సంగతులు. నాన్నని అందరూ కైలా అనేవాళ్లు. ఆయన ఎడమ చేతి చిటికెన వేలు సగమే ఉండేది. ఇంట్లో ఒంటికొమ్ము మేక ఉండేది. అమ్మ ముఖం కూడా గుర్తులేదు. ఇంటిపేరు లేదు, ఊరు లేదు.

పదో తరగతి పరీక్ష ఫారం నింపాలంటే పుట్టిన కాగితం కావాలి. కార్తీకం నెలాఖరులోపు బడిలో ఇవ్వకపోతే ఆ ఏడు పరీక్ష లేదు. నిరుడు అలాగే పోయింది. ఈసారి కూడా పోతే చదువు మానేసి బ్యూటీ పార్లర్‌లో చేరిపోతానంది. అది ఊరికే అనే రకం కాదు. పార్లర్‌లో పని ఇప్పిస్తామంటూ బస్టాండులో తిరిగేవాళ్లు ఎలాంటివాళ్లో నాకు తెలుసు. ఒకసారి వెనక్కి తెచ్చిన పిల్లని రెండోసారి తేవడం నావల్ల కాదు. అందుకే నాకు నిద్ర పట్టేది కాదు.

వార్డు సెక్రెటరీ తిలక్‌రాజ్ ఘిమిరే చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఏదో ఒక దారి ఉండేది. టీ కూడా ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్కులోదే తాగుతాడు.

"సంస్థ ఉత్తరం ఇచ్చాంగా సార్" అన్నాను మొదటిసారి వెళ్లినప్పుడు.

"ఇచ్చారు దిదీ. కానీ సంస్థ పిల్లల్ని కనదు. కన్నట్టు ఎక్కడైనా విన్నారా?"

"పోలీసుల కాగితం కూడా ఉంది."

"పోలీసులూ కనరు. నాకు కుటుంబం కావాలి. తండ్రి, లేదా తాత, బాబాయి, అన్న. ఎవరో ఒక మగ మనిషి వచ్చి ఇది మా పిల్లే అని సంతకం పెట్టాలి."

"పిల్ల మీ కళ్లెదురుగా నిలబడుంది సార్. పుట్టకుండానే ఇంత పొడుగైందా?"

"పుట్టిందని నాకు తెలుసు దిదీ. ఫారానికి తెలియాలి."

సరే, కైలాని వెతకడానికి రెండుసార్లు కొండలెక్కాం. మా కొండల్లో నాలుగో కొడుకుని కైలా అంటారు, అసలు పేరు వాడికే గుర్తుండదు. ఒక్క లోయలోనే పంతొమ్మిది మంది కైలాలు వరసలో నిలబడ్డారు. ఒంటికొమ్ము మేకలు ఏడు తేలాయి. నలుగురు కైలాలు సుంతలీని చూడగానే "నా బిడ్డే" అని బావురుమన్నారు. ఆ నలుగురి బిడ్డల్నీ ఒకే మనిషి తీసుకెళ్లాడట. సుంతలీ నలుగురి ఎడమ చేతులూ తిప్పి చూసింది. నలుగురికీ వేళ్లు నిండుగా ఉన్నాయి. దిగి వచ్చేశాం. ఆ రోజు నేను ఎవర్నీ తిట్టలేదు.

ఇలాంటి సమయంలో దిగాడు జోరిస్. ఇరవై నాలుగేళ్లు, ఆరడుగుల నాలుగంగుళాలు, గడ్డివాములాంటి జుట్టు. నెదర్లాండ్స్‌లో ఆవులు కాసుకునే వాళ్ల అబ్బాయి. ఏం నేర్పుతావని అడిగితే ఏమీ రాదన్నాడు. అంత నిజం చెప్పిన వాలంటీర్‌ని నేను చూడలేదు. మూడు వారాల తరగతిలో మా భాష నేర్చుకొచ్చాడు. అందులో మర్యాద మాటలే నేర్పారు కాబోలు, మా కుక్కని కూడా "మీరు కాస్త పక్కకి జరుగుతారా" అని అడిగేవాడు. రోజూ ఉల్లిపాయలు తరిగిపెట్టేవాడు. గోడ జోలికి పోలేదు. నాకు నచ్చాడు.

మా కార్తీకం సగం దాటాక తిహార్ పండగ వచ్చింది, మా ఐదు రోజుల దీపావళి. చివరి రోజు భాయ్ టికా, అక్కచెల్లెళ్లు అన్నదమ్ములకు నుదుట ఏడు రంగులు దిద్దే రోజు. మా పద్నాలుగు మందికీ నిరుటిదాకా గ్యాస్ బండలు తెచ్చే లోక్‌మాన్ అన్నగా ఉండేవాడు. ఆయన కతార్ వెళ్లిపోయాడు, ఈసారి ఆయన ఫొటోకే టికా పెట్టారు. పిల్లలంతా గుమ్మంలో నిలబడి జోరిస్ వంక చూశారు.

నేను ముందే చెప్పాను. "చూడు బాబూ, ఇది ఫొటోల పండగ కాదు. ఒకసారి పీట మీద కూర్చుంటే అన్నవి. మూడు నెలలకి కాదు, చచ్చేదాకా. నువ్వు రాకపోతే నీ ఫొటోకి పెడతారు. ఫొటో లేకపోతే నీ పేరు చెప్పి గుమ్మానికి పెడతారు. వదలరు."

"చాలా అందంగా ఉన్నది దిదీ గారూ. నేను కూర్చుంటాను."

"అందం కాదురా, బరువు."

"బరువు కూడా చాలా అందంగా ఉన్నది."

ఇక నేనేం చెప్పను? కూర్చోబెట్టారు. తొమ్మిదో పిల్ల దగ్గరికి వచ్చేసరికి రంగులు నుదురు దాటి ముక్కు మీదకి దిగాయి. మఖ్‌మలీ పూలదండలు పద్నాలుగు పడేసరికి కళ్లు మాత్రం కనిపించాయి. ప్రతి చెల్లెలూ ఒక పళ్లెం పెట్టింది. సేల్ రోటీలు, మిఠాయిలు, పళ్లు. మధ్యలో ఆపితే ఆ చెల్లెలికి అరిష్టమని ఎవరో చెప్పారు, దానితో పద్నాలుగు పళ్లేలూ ఖాళీ చేశాడు. చివరగా సుంతలీ వచ్చింది. గుమ్మం మీద అక్రోటు పెట్టి రాయితో ఒక్క దెబ్బకి పగలగొట్టింది. జోరిస్ చుట్టూ మూడుసార్లు నూనె గీత గీసింది. ఆ గీత యముడు కూడా దాటలేడు. యముడంతటి వాడు సొంత చెల్లెలికి మాట ఇచ్చి వెళ్లాడు మరి.

మర్నాడు నేను బియ్యం ఏరుతుంటే సుంతలీ వచ్చి పక్కన కూర్చుంది.

"దిదీ, నాకిప్పుడు అన్న ఉన్నాడు కదా."

"ఉన్నాడు. అజీర్తి చేసి పైన పడుకునున్నాడు. అయితే ఏంటి?"

"సెక్రెటరీ సార్ మగ మనిషి కావాలన్నాడు. తండ్రో, తాతో, బాబాయో, అన్నో. అన్న అని ఆయనే అన్నాడు దిదీ. నేను విన్నాను."

నవ్వబోయి దాని ముఖం చూసి ఆగిపోయాను. అది నవ్వే సంగతి కాదు. పరీక్ష ఫారానికి పన్నెండు రోజులే ఉంది.

మాకు వారాంతపు సెలవు శనివారం, ఆదివారం ఆఫీసు తెరవగానే ముగ్గురం వెళ్లాం. సెక్రెటరీకి ఆరుగురు అక్కచెల్లెళ్లు, ఆయన నుదురు ఇంకా రంగుల సంతలాగే ఉంది. టికా ఎంతకాలం ఉంటే అన్న అంతకాలం బతుకుతాడని మా పిల్లలు చెప్పడంతో జోరిస్ మూడు రోజులుగా ముఖం కడుక్కోలేదు. రెండు నుదుళ్లూ ఎదురెదురుగా నిలబడ్డాయి.

"ఎవరీయన?"

"మా అన్న సార్" అంది సుంతలీ.

సెక్రెటరీ జోరిస్‌ని కింది నుంచి పైదాకా చూశాడు. కొంచెం సమయం పట్టింది.

"నానీ, ఈయన బాగా తెల్లగా ఉన్నాడు."

"ఎండలో తిరగడు సార్."

"రుజువు?"

సుంతలీ నా ఫోను తీసి భాయ్ టికా ఫొటోలు చూపించింది. సెక్రెటరీ కళ్లద్దాలు సర్దుకుని ఒక్కొక్కటే, భూమి దస్తావేజు చూసినట్టు చూశాడు.

"అక్రోటు కొట్టావా?"

"కొట్టాను సార్. ఒక్క దెబ్బకే."

"నూనె గీత?"

"మూడు చుట్లు."

"దండ మఖ్‌మలీయేనా? బంతిపూలతో సరిపెట్టారా?"

"రెండూ సార్."

"నువ్వు పెట్టింది ఈయన తిన్నాడా?"

"నాదే కాదు సార్, పద్నాలుగు పళ్లేలు తిన్నాడు."

ఆయన జోరిస్ వైపు తిరిగాడు. "నువ్వు ఇష్టపడే కూర్చున్నావా భాయ్?"

"అవును సార్ గారూ. చాలా బరువుగా ఉన్నది. చాలా అందంగా ఉన్నది."

ఇంతసేపూ ఈయన మమ్మల్ని ఆటపట్టిస్తున్నాడనుకుని నాకు ఒళ్లు మండింది. "సార్, ఈ గీత దాటనని యముడే ఒప్పుకున్నాడు. ఈ పిల్లకి వీడు అన్నేనని యముడే పాస్ చేశాడు. మీరు యముడి కన్నా పెద్ద ఆఫీసరా?" అనేసి లేచాను.

వెళ్లగొడతాడనుకున్నాను. ఆయన ముఖం పాలిపోయింది.

"కూర్చోండి దిదీ" అన్నాడు. "నిరుడు నాకు గుండె ఆపరేషన్ అయింది. మా అక్కాచెల్లెళ్లు గీసిన గీతలోపలే నేను బతికున్నాను. ఇది అబద్ధమంటే నేనెక్కడుంటాను? యముడు పాస్ చేసిన ఫైలు నేనెలా ఆపుతాను?" సొరుగులోంచి ఫారం తీశాడు. ఆయన చెప్పినట్టే నేను కూర్చున్నాను. అది చాలా అరుదు.

"అన్నయ్యకి తండ్రి ఎవరో చెల్లెలికీ ఆయనే కదా. తండ్రి పేరు?"

"సీబ్రెన్ హూక్‌స్ట్రా గారు."

"తాత?"

"డౌవె హూక్‌స్ట్రా గారు. చనిపోయి ఉన్నారు."

"వృత్తి?"

"ఆవులు గారు."

"పశుపోషణ. శుభం. గోత్రం ఏంటి భాయ్? ఫారంలో లేదులే, నా తృప్తి కోసం."

జోరిస్ నా వంక చూశాడు. "తెలియదట సార్" అన్నాను.

"తెలియనివాళ్లందరిదీ కాశ్యపమే" అని ఆయన తృప్తి పడ్డాడు. "తల్లి పేరు?"

"ట్యిట్స్‌కె గారు."

సెక్రెటరీ పెన్ను గాలిలో మూడుసార్లు తిప్పాడు. ఆ పేరు ఏ అక్షరానికీ లొంగలేదు. నాలుగోసారి తిప్పుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. "ఒక్క నిమిషం. తండ్రి విదేశీయుడు. తల్లి విదేశీయురాలు. అంటే ఈ పిల్ల విదేశీయురాలు." తల పైకెత్తాడు. "వీసా ఏది?"

"ఏం వీసా?"

"పదహారేళ్లుగా వీసా లేకుండా మన దేశంలో ఉంటోంది దిదీ. ఈ సంగతి నాకు తెలియకపోయినా బాగుండేది. తెలిసిపోయింది."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. పొద్దుటిదాకా ఆ పిల్ల పుట్టనే లేదు. ఇప్పుడు పుట్టింది, పుట్టగానే దేశం నుంచి పంపేయాల్సిన మనిషి అయింది. ఫారం చించేయమన్నాను. నంబరు ఉన్న ఫారం చించకూడదట. తండ్రి గడిలో కొట్టేసి రాయమన్నాను. కొట్టివేతలు ఉంటే చెల్లదట. మొదలుపెట్టిన ఫారం పూర్తి చేసి తీరాలట. సుంతలీ ఏడవలేదు. రెండు చేతులూ బల్ల మీద పెట్టి ఆ ఖాళీగా ఉన్న తల్లి గడినే చూస్తోంది. అది సర్కస్‌లో తీగ మీదకి ఎక్కేముందు అలాగే చూసేదేమో అనిపించింది.

సెక్రెటరీ కూడా ఆ గడినే చూస్తున్నాడు. "భాయ్, మీ అమ్మా నాన్నా కలిసే ఉంటారా?" అన్నాడు మెల్లగా.

"లేదు సార్ గారూ. అమ్మ గారు పదేళ్ల కింద వెళ్లిపోయారు. సముద్రం పక్కన ఉంటారు, ఒక డాక్టర్ గారితో. నాన్న గారు ఆవులు గారితో ఉంటారు."

"అంటే అక్కడ ఖాళీ ఉందన్నమాట" అని సెక్రెటరీ నా వైపు చూశాడు. జోరిస్ నా వైపు చూశాడు. గుమ్మంలో స్టాంపు వేయించుకోవడానికి నిలబడ్డ ముసలాయన కూడా చూశాడు.

"ఏంటలా చూస్తున్నారు?"

"తల్లి ఇక్కడి మనిషైతే పిల్ల ఇక్కడి పిల్లే. నియమం ఉంది దిదీ, పద్దెనిమిదో పేజీ."

"నేను పెళ్లి కానిదాన్ని సార్. ఊరంతా ఎరుగుదురు."

"వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. మనం ఆడేది ఒక్కటే."

"చెయ్యమన్నారు సార్. చెయ్యకుండానే అయిపోయిందని రాసుకోమనలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. నా సోమలింగం చూడండి, గుమ్మంలో పట్టడం లేదు!"

"నేను వంగి వస్తాను దిదీ గారూ" అన్నాడు జోరిస్, పాపం.

కోపంగా అరిచానే గానీ లోపల నాకు భయం వేసింది. పెళ్లి గురించి కాదు. పన్నెండేళ్లుగా నేను ఒక తలుపు కాపలా కాస్తున్నాను. ప్రతి పిల్ల వెనకాలా ఒక తల్లి చోటు ఖాళీగా ఉంచి, అందులో ఎవరూ కూర్చోకుండా చూస్తున్నాను. ముందుగా నేను కూర్చోకుండా చూసుకున్నాను. ఇప్పుడు ఆ చోటు మీద ప్రభుత్వం వారి పెన్ను నా పేరు రాస్తానంటోంది.

సుంతలీ నన్ను బతిమాలలేదు. సెక్రెటరీని అడిగింది. "సార్, తర్వాత మా అసలు నాన్న వస్తే?"

"సవరణ ఫారం ఉంటుంది నానీ. ఎప్పుడు వచ్చినా సరే దిద్దుకోవచ్చు."

"అదొకటి ఇప్పుడే ఇస్తారా?"

ఇచ్చాడు. అది నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దాచుకుంది. అది చూశాక నేనింక ఆగలేకపోయాను. "రాయండి సార్. జస్మతీ థాపా మగర్. థాపాలో దీర్ఘం మర్చిపోకండి. ఈ సంగతి మా అన్నల చెవిన పడిందో, మీ గుండె ఆపరేషన్ మళ్లీ నేను చేస్తాను" అన్నాను.

ఆయన రాశాడు. రాసి, "భర్తగారి అంగీకారం కూడా ఉండాలి కదా" అన్నాడు.

జోరిస్ ఫోను తిప్పాడు. అక్కడ ఇంకా తెల్లారలేదట, పాలు పితికే వేళ. తెర నిండా ఒక ఆవు ముఖం వచ్చింది. తిహార్‌లో ఆవుని పూజించి నాలుగు రోజులే అయింది, సెక్రెటరీ లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. ఆవు పక్కకి జరిగాక దాని వెనక నుంచి నీలం దుస్తుల్లో ఎర్రటి చెవులున్న పెద్దాయన సగం కనిపించాడు. జోరిస్ వాళ్ల భాషలో చాలాసేపు చెప్పాడు. మధ్యలో సుంతలీని చూపించాడు, నన్ను చూపించాడు, ఫారాన్ని చూపించాడు. పితికే యంత్రం టకటకలాడుతోంది. చివరికి పెద్దాయన ఒక్క మాట అడిగాడు.

"ఏమంటాడు?" అన్నాడు సెక్రెటరీ.

"ఆ పిల్ల గారికి ఇది ఇష్టమేనా అని అడుగుతున్నారు."

దాన్ని సరిహద్దు దాటించినవాడు అడగలేదు సరే. వెనక్కి తెచ్చిన పోలీసులు అడగలేదు. సంస్థ అడగలేదు. పంతొమ్మిది మంది కైలాల ముందు నిలబెట్టిన నేనూ అడగలేదు. పాలు పితుకుతూ ఒక పెద్దాయన అడిగాడు.

సుంతలీ ఫోను వైపు జరిగింది. "ఇష్టమేనని చెప్పు అన్నా. మేకలున్నాయా అడుగు."

జోరిస్ అడిగాడు. "లేవట. కావాలంటే కొంటారట."

"మరి ఈవిడ సంగతి?" సెక్రెటరీ నన్ను చూపించాడు.

పెద్దాయన టోపీ తీశాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఫోను దగ్గరికి వంగి నన్ను చూసి ఏదో అన్నాడు.

"మీకు ఇబ్బంది లేకపోతే తనకీ లేదట. మీ దగ్గర చలి ఎక్కువా అని అడుగుతున్నారు."

"మా చలి మేం చూసుకుంటాం, ముందు ఆ ఆవుని చూసుకోమను, బకెట్ తన్నేస్తోంది" అన్నాను. అది నా మొగుడితో నేను మాట్లాడిన మొదటి మాట. స్టాంపు పడింది. గుమ్మంలో ముసలాయన చప్పట్లు కొట్టాడు.

దారిలో సుంతలీ కాగితం గుండెకి హత్తుకుని నడిచింది. నన్ను ఏమీ పిలవలేదు. నేను కూడా ఏమీ పిలవమనలేదు. నియమం తీసేశానని చెప్పడానికి నోరు రాలేదు, ఉందని చెప్పడానికీ రాలేదు. ఇంటికి వెళ్లేసరికి పదమూడు మంది గుమ్మంలో వరసగా ఉన్నారు. "మాకూ ఆ నాన్నే కావాలి" అన్నారు. మర్నాడు ఆ దండు వార్డు ఆఫీసు మెట్లెక్కడం చూసి సెక్రెటరీ ఫ్లాస్కు మూత పెట్టేశాడట. ఒకే తల్లికి పద్నాలుగు మంది, అందులో ఐదుగురు ఒకే ఏడాది వాళ్లు, ఇది యముడు పాస్ చేసినా తను చేయలేనన్నాడట. పదో తరగతికి వచ్చినప్పుడు ఒక్కొక్కరే రండి అని పంపేశాడు.

జోరిస్ పుష్యంలో వెళ్లిపోయాడు. వెళ్లిన నెలకి ఒక పెట్టె వచ్చింది. పద్నాలుగు జతల ఊలు మేజోళ్లు, ఇంకో పెద్ద జత, ఒక ఫొటో. ఫొటోలో మేక ఉంది. రెండు కొమ్ములూ ఉన్నాయి. చలి గురించి ఆయన అడిగింది మాటవరసకి కాదన్నమాట. పెద్ద జత నేనే తొడుక్కున్నాను, ఎవరికీ సరిపోవు కాబట్టి.

చైత్రంలో పరీక్షలు వచ్చాయి. మొదటి రోజు సుంతలీ తెల్లారకముందే లేచి, ముప్పైసార్లు పెన్నులు లెక్కపెట్టుకుని, అసలు లోపలికి రానిచ్చే హాల్ టికెట్ ఇంట్లోనే మర్చిపోయి వెళ్లింది. దాని పక్క సర్దుతుంటే, అది టికెట్ తీసుకోవడం చూడలేదే అని నాకు అనుమానం వచ్చింది. పొయ్యి మీద అన్నం ఉంది. పుస్తకాలన్నీ దులిపాను. సైన్సు పుస్తకంలోంచి హాల్ టికెట్‌తో పాటు ఒక మడత కాగితం పడింది.

సవరణ ఫారం. దాన్ని ముందే నింపి పెట్టుకుంది. తేదీ దగ్గర మాత్రం ఖాళీ. తండ్రి పేరు దగ్గర సీబ్రెన్ హూక్‌స్ట్రాకి బదులు కైలా అని, పక్కన చిన్న అక్షరాలతో ఎడమ చిటికెన వేలు సగం అని రాసింది. దాని కింద తల్లి గడి. అందులో నా పేరు ఎదురుగా గుండ్రటి అక్షరాలతో రాసుంది. సవరణ అక్కర్లేదు.

ఆ ఊలు మేజోళ్లతోనే పరిగెత్తాను. చెప్పులు వేసుకున్నట్టు గుర్తులేదు. బడి గేటు దగ్గర సుంతలీ కాపలా అతని కాళ్లావేళ్లా పడుతోంది. నన్ను చూడగానే గోల పెట్టింది.

"దిదీ! తొందరగా దిదీ!"

హాల్ టికెట్ చేతిలో పెట్టాను. ఆయాసంతో మాట రావడం లేదు, అయినా తిట్టకపోతే నేను నేను కాను. "ఎవరే నీకు దిదీ? కాగితం చూసుకుని మాట్లాడు."

అది నా చేతిలో ఉన్న రెండో కాగితం చూసింది. మడత చూసి గుర్తుపట్టింది. ముఖం ఎర్రబడింది. గంట మోగింది. కాపలా అతను గేటు సగం తెరిచి, "మీరు ఈ అమ్మాయికి ఏమవుతారు?" అని నన్ను అడిగాడు. నేను జవాబు చెప్పేలోపు సుంతలీ లోపలికి దూరిపోయి, పరిగెడుతూనే వెనక్కి తిరిగి అరిచింది.

"ఆమా! అన్నం పొయ్యి మీదే పెట్టొచ్చావా?"

నిజంగానే పెట్టొచ్చాను. ఇంటికి వెళ్లేసరికి అడుగంటి బొగ్గయిపోయింది, పదమూడు మందీ ముక్కులు మూసుకుని నా తిట్ల కోసం ఎదురుచూస్తున్నారు. ఆ రోజు కూడా నేను ఎవర్నీ తిట్టలేదు.